ఎవరిదీ కాని మూట

ఆల్బెర్ది,
1988 ఫిబ్రవరి 21.

చెల్లి నిల్దాకు,

నువ్వు పంపిన బూట్లు అందాయి. బస్సు మనిషి ఫోర్మోసా రేవులో కొట్టువాడికి ఇచ్చి వెళ్ళాడట. వాడు నాలుగు రోజులు మరిచిపోయి, అయిదో రోజు నేను లాంచీ దిగుతుంటే కేకేశాడు. నల్లవి, బాగున్నాయి. లిబ్రాదాకు ఒక సైజు తక్కువయ్యాయి. పదేళ్ళ పిల్ల పాదం ఎంత ఉంటుందో అక్కడ బ్యూనస్ ఐరెస్‌లో నాలుగో అంతస్తులో కూర్చుని నీకెలా తెలుస్తుంది? నీ తప్పు కాదు. ముందు భాగం కాస్త కోయించి వేస్తాను.

నది బాగా తగ్గింది. లాంచీ మామూలు చోటికి రావడం లేదు. బురదలో పలకలు పరిచారు, నెత్తిన గంపలతో వాటి మీద నడవాలి. నిన్న ఎమెరెన్సియానా అత్త పలక మీంచి జారి మోకాళ్ళ దాకా దిగబడింది. కోళ్ళ గంప మాత్రం వదల్లేదు. "చూస్తారేంటర్రా, లాగండి!" అని అరుస్తుంటే, లాంచీ నడిపే కబ్రేరా "ముందు కోళ్ళని ఇటివ్వు అత్తా, నీ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆవిడ ఆ బురదలో నిలబడే వాడి అమ్మమ్మ దాకా తిట్టింది. కోళ్ళు ఒడ్డు చేరాయి, ఆవిడ చెప్పు ఒకటి నదిలోనే ఉంది.

డిసెంబరులో లిబ్రాదాను నీ దగ్గరికి పంపెయ్యమని రాశావు. ఇంకో వారంలో బడి తెరుస్తారు, అయిదో తరగతి. ముందు అది కానీ, ఏడాది చివర చూద్దాం. కాగితం మీద తల్లిని నేను. అవతలి ఒడ్డు వేరే దేశం, నేను పక్కన లేకుండా అక్కడ పిల్లను బస్సెక్కనివ్వరు. నేను బ్యూనస్ ఐరెస్ దాకా వచ్చి దిగబెట్టి, దానికి బెంగ తీరేదాకా ఉంటే వారం పోతుంది. ఆ వారం ఫోర్మోసాలో నేను కర్రపెండలం వేసే పదకొండు ఇళ్ళకు ఇంకెవరో అలవాటవుతారు. తర్వాత నేను వెళ్ళి తలుపు కొడితే "వేరే ఆవిడ ఇచ్చి వెళ్ళిందమ్మా" అంటారు. ఇవన్నీ నీకు తెలియనివి కావు.

పిల్ల బాగానే ఉంది. నీకో కాగితం రాసింది, ఇందులో పెట్టాను.

మీ అక్క,
ఫిదేలినా

బ్యూనస్ ఐరెస్,
1988 మార్చి 20.

అక్కకు,

బూట్లు కోయించకు. ఇంకో జత పంపుతాను. పాదం కొలత దారంతో తీసి పంపు.

ఇక్కడ ఎండలు తగ్గాయి. అమ్మగారి కుటుంబం సముద్రం దగ్గర్నుంచి తిరిగి వచ్చేసింది. ఇసుక దులపడానికే నాకు మూడు రోజులు పట్టింది. నా గది వంటింటి పక్కనే. కిటికీ ఉంది. రామోన్ గురించి ఇదివరకు రాశాను కదా, తాపీ పని చేస్తాడు. ఊరి చివర రెండు గదులు కడుతున్నాడు. ఒకటి లిబ్రాదాకు. దానికని ఒక మంచం కూడా చూసి పెట్టాం, కింద బట్టలకు సొరుగుంటుంది. బడి అక్కడికి రెండు వీధుల దూరం.

లిబ్రాదా రాసిందని నువ్వు పంపిన కాగితం చూశాను. "మేమంతా ఇక్కడ క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" అని ఉంది. పదేళ్ళ పిల్ల అలా రాయదక్కా. అది నీ చేతిరాత. దాని చేతే రాయించు, వంకరగా ఉన్నా సరే.

కాగితం మీద తల్లివి నువ్వని ప్రతి ఉత్తరంలోనూ రాస్తున్నావు. నేను మరిచిపోలేదు. నాకప్పుడు పదహారేళ్ళు, నా పేరున కాగితం ముక్క లేదు. మన నాన్నకు తెలిస్తే చంపేస్తాడని నన్ను లాంచీ ఎక్కించి, నీ గుర్తింపు కార్డు నా చేతిలో పెట్టి అవతలి ఒడ్డు ఆసుపత్రికి కాన్పుకు పంపావు. నర్సు "ఫిదేలినా, ఇటు తిరగమ్మా" అంటే నేను పలకలేదు. రెండోసారి గట్టిగా పిలిస్తే గాని నన్నేనని గుర్తు రాలేదు. ఆ రోజు నాకు అది మేలే చేసింది. కాదనను. అలాగని పదకొండేళ్ళు వడ్డీ కట్టమంటే ఎలా?

లిబ్రాదా ఫోటో పంపు. తెల్ల బడిగౌనులో ఉన్నది కావాలి. రామోన్‌కు చూపించాలి.

నిల్దా

ఆల్బెర్ది,
1988 మే 8.

నిల్దాకు,

ఫోటో పంపుతున్నాను. అవతలి ఒడ్డున తీయించాను. ఫోటోవాడు "కాస్త నవ్వమ్మా" అన్నాడు. ఇది వాడిని కిందికీ పైకీ చూసి "నవ్వితే రేటు ఎక్కువా?" అంది. వాడికి నవ్వాగలేదు, ఇది మాత్రం నవ్వలేదు. అందుకే అలా బిగుసుకుని ఉంది. దాని తీరే అంత. నీ తీరు కాదు.

ఈ మధ్య దగ్గు వచ్చి కొన్నాళ్ళు బడి మానింది. తగ్గింది. సొంతంగా రాయమంటే బద్ధకిస్తోంది. పాదం కొలత దారం ఇందులో చుట్టి పెట్టాను.

నది నిండింది. ఇప్పుడు లాంచీ మెట్ల దాకా వస్తోంది, పలకల బాధ లేదు. కానీ ప్రవాహం ఎక్కువ, దాటడానికి పావుగంట పడుతోంది. ఎమెరె అత్త ప్రతి రోజూ కన్యమాతకు దణ్ణం పెట్టి ఎక్కి, ఎక్కగానే చోటు కోసం తిట్లు మొదలెడుతుంది.

వడ్డీ అన్నావు. నేను వడ్డీ అడగలేదు. నలభై రోజులు పాలిచ్చి బస్సెక్కావు. దానికి మొదటి పన్ను వచ్చినప్పుడు, తట్టు పోసినప్పుడు, మన నాన్న పోయినప్పుడు నువ్వు లేవు. నా మొగుడు పోయి ఇంట్లో మగ దిక్కు లేని రెండేళ్ళు దాన్ని చంకన వేసుకునే ఇల్లు నడిపాను. లాంచీలో పెరిగిన పిల్ల అది. ఇప్పుడు నువ్వు సొరుగున్న మంచం చూపించి రమ్మంటున్నావు. అది నన్ను అమ్మా అంటుంది. నిన్ను ఏమని పిలవాలో నువ్వే చెప్పు, నేర్పుతాను.

ఫిదేలినా

బ్యూనస్ ఐరెస్,
1988 జూన్ 19.

అక్కా,

ఫోటో రోజూ చూస్తున్నాను. ఒక్కో రోజు ఒక్కోటి కనపడుతోంది. నేను ఈ ఇంట్లో పదకొండేళ్ళుగా బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను. ఆ తెల్ల గౌను మీద కొట్టులో మడిచిన మడతలు అలాగే ఉన్నాయి. ఒక్కసారి కూడా ఉతకని గౌను అది. మార్చి నుంచి మే దాకా బడికి ఏం వేసుకుని వెళ్ళింది?

దాని మొహం, మెడ నల్లగా కమిలి ఉన్నాయి. బడిలో కూర్చునే పిల్లకు అంత ఎండ ఎక్కడిది?

పోయిన ఆదివారం మన దేశం వాళ్ళం పార్కులో కలిశాం. ఆల్బెర్ది నుంచి కొత్తగా వచ్చిన ఒకామె మన చిపా రొట్టెలు అమ్ముతోంది. మాటల్లో నీ పేరు చెప్పాను. "ఓ, ఫిదేలినానా! ఆవిడ కూతురు భలే చురుకండీ. మొదటి లాంచీలో మాకంటే ముందే ఉంటుంది" అంది. "ఏ రోజుల్లో?" అన్నాను. "రోజూనే" అంది. తర్వాత నా మొహం చూసి "ఏమో, ఇంకెవరి పిల్లో అయి ఉంటుందిలెండి" అని చిపాల మీద గుడ్డ సర్దుకుంది. అబద్ధం చెప్పడం కూడా రాని మనిషి.

సూటిగా అడుగుతున్నాను. బడి రోజుల్లో లిబ్రాదాను లాంచీ ఎక్కిస్తున్నావా? దాని చేత ఏం మోయిస్తున్నావు? వెంటనే జవాబు రాయి. రాకపోతే నేనే వస్తాను.

నిల్దా

ఆల్బెర్ది,
1988 జూలై 20.

చెల్లీ,

మూడు ఉత్తరాలు మొదలుపెట్టి చింపాను. ఇది చింపను.

నువ్వు అడిగింది నిజం. లిబ్రాదా బడికి వెళ్ళడం లేదు. నిరుడు నాలుగో తరగతి మధ్యలో నేనే మాన్పించాను.

మొదటి నుంచీ చెప్తాను. అది నెలల పిల్లగా ఉన్నప్పుడు ఇంట్లో వదిలే దిక్కు లేక లాంచీకి తీసుకెళ్ళేదాన్ని. చంకలో పిల్ల ఉన్న ఆడదాన్ని అవతల కస్టమ్స్ వాళ్ళు వరసలో నిలబెట్టరు, ఒళ్ళు తడమరు. అందుకని దీన్ని ఒకరి తర్వాత ఒకరు అడిగి తీసుకునేవాళ్ళు. "ఇవాళ పిల్లను నాకియ్యవే ఫిదేలినా, సిగరెట్లున్నాయి" అని ఒకామె, "నిన్న నీదే కదటే, ఇవాళ నా వంతు" అని ఇంకొకామె. మొదటి లాంచీలో ఒకరి చంకన, రెండో దాంట్లో మరొకరి చంకన దాటేది. ఎవరెత్తుకున్నా ఏడ్చేది కాదు. ఇలాంటి పిల్ల దొరకడం అదృష్టమనేవాళ్ళు. నేనూ అదృష్టమనే అనుకున్నాను.

నడక వచ్చాక ఎవరికీ అక్కర్లేకపోయింది. తొమ్మిదో ఏడు వచ్చాక మళ్ళీ అక్కరకు వచ్చింది. ఆ వయసు పిల్లల ఒళ్ళు కూడా వెతికేవారు కాదు. పొడుగు మేజోళ్ళ లోపల కాలికి పన్నెండు చొప్పున చేతిగడియారాలు కట్టేదాన్ని. "గీసుకుంటున్నాయమ్మా" అంటే అడుగున పాత గుడ్డ చుట్టాను. ఆ తర్వాత ఏమీ అనలేదు.

లాంచీ కట్టుబాటు నీకు గుర్తుండే ఉంటుంది. మెట్ల మీద కస్టమ్స్ వాళ్ళు మూట పట్టుకుని "ఎవరిదిది?" అని అడిగితే ఎవరూ పలకకూడదు. మూట పోతుంది, మనిషి మిగులుతుంది. మర్నాడు మళ్ళీ లాంచీ ఎక్కొచ్చు. పలికిన మనిషికి మాత్రం గుర్తింపు కార్డు పోతుంది, ఇంక దాటనివ్వరు. ఆ మనిషి నోట పక్కవాళ్ళ పేర్లు కూడా కక్కిస్తారు. ఇరవై రెండేళ్ళలో నా మూటలు ఎన్ని పోయాయో నాకే తెలియదు. వాటిని నా కళ్ళ ముందే గదిలోకి విసిరేస్తుంటే నా మొహంలో ఏనాడూ ఏమీ కనపడనివ్వలేదు.

లిబ్రాదాకూ నేర్పాను. నా కంటే పదిమంది ముందు నడవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. అడిగితే ఒక్కదాన్నే వచ్చానని చెప్పాలి.

జూన్ 28, మంగళవారం. మెట్ల పైన కొత్తగా వచ్చిన ఆడ ఉద్యోగి ఉంది. పిల్ల నడక చూసిందో ఏమో, ఆపి, వంగి మేజోడు కిందికి లాగింది. తర్వాత రెండోది లాగింది. పిల్ల చెయ్యి పట్టుకుని పై మెట్టు మీద నిలబెట్టి, కింద ఉన్న మా అందరి వైపు చూసి "ఎవరి పిల్ల ఇది?" అని అడిగింది.

నలభై మంది ఆడవాళ్ళం ఉన్నాం. అందరికీ తెలుసు. ఎవరూ పలకలేదు.

"ఎవరిదని అడుగుతున్నాను! మాట్లాడరేం?" అంది మళ్ళీ.

నేను నది వైపు చూశాను. ఆలోచించి చేసిన పని కాదు చెల్లీ. నా మెడ దానంతట అదే తిరిగింది. లిబ్రాదా నా వైపు చూడలేదు, ఒక్కసారి కూడా. నేను నేర్పినది నేర్పినట్టు చేసింది.

నేను వరసలో కదిలి, నా గంప చూపించి, పైకి వెళ్ళిపోయాను. పదకొండు ఇళ్ళకూ కర్రపెండలం వేశాను. ఒకావిడ మంచినీళ్ళిస్తే తాగాను. తిరుగు లాంచీ ఎక్కుతుంటే ఎమెరె అత్త "పిల్లేదే?" అంది. "గడియారాలు తీసుకుని వదిలేస్తారులే, వచ్చేస్తుంది" అన్నాను. "అది మూటటే, పోతే పోయిందనుకోడానికి?" అంది. అప్పుడు గంప ఆవిడ మీద పడేసి దిగి పరుగెత్తాను.

అప్పటికే పంపేశారు. బల్ల దగ్గర కూర్చున్న అతను "నువ్వెవరు?" అన్నాడు. "తల్లిని" అన్నాను. "పొద్దున అడిగినప్పుడు లేవా?" అన్నాడు. "పిల్ల తనకెవరూ లేరంది. అదే రాసి పంపాం. పిల్లల జడ్జిగారి దగ్గరికెళ్ళి చెప్పుకో. ఆ గడియారాల సంగతి కూడా అక్కడే చెప్పుకో" అన్నాడు.

నేను వచ్చేశాను. ఇప్పటికి మూడు వారాలు. ఆడపిల్లల హోమ్‌లో పెట్టారట. వెళ్ళలేదు. వెళితే నన్ను లోపల వేస్తారని భయం. పిల్ల లేదని నీకు రాయడానికి కూడా అదే భయం అనుకో. తిట్టాలనుకుంటే తిట్టు. కానీ వస్తే త్వరగా రా.

ఫిదేలినా

ఫోర్మోసా,
ఆగస్టు 2, మంగళవారం.

ఫిదేలినాకు,

నిన్న వచ్చాను. రేవు పక్క సత్రంలో ఉన్నాను. ఈ కాగితం ఎమెరె అత్త చేతికిస్తున్నాను. ఆవిడ నన్ను చూసి ఏడిచింది. నాకు ఏడుపు రాలేదు. మధ్యలో ఈ నది తప్ప ఏమీ లేదు, పిలిస్తే వినపడేంత దూరంలో ఉన్నావు. కానీ నేను ఆ ఒడ్డుకు రాను. నీ ఇంటి గడప తొక్కను.

హోమ్‌కు వెళ్ళాను. గేటు దగ్గర సిస్టర్ "మీరేమవుతారు?" అని అడిగింది. కాగితాల ప్రకారం చెప్పాలి కదా, "పిన్నిని" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. "పిన్నులను రానివ్వమండీ, తల్లో తండ్రో రావాలి" అని తలుపు వేసింది.

జడ్జిగారి గుమస్తాను కలిశాను. గురువారం పది గంటలకు రమ్మన్నాడు. కాగితంలో పేరున్న మనిషి స్వయంగా వచ్చి, తను తల్లిని కాదనీ, కన్నది చెల్లెలనీ చెబితే ఆయన వింటాడట. కార్డు ఇచ్చినందుకు నీ మీద కేసు ఉంటుంది. గడియారాలకు ఇంకోటి. దాచడం ఎందుకు, అన్నీ చెబుతున్నాను. రాకపోతే పిల్ల ఇద్దరికీ పోతుంది.

నిల్దా

ఆల్బెర్ది,
అదే రోజు సాయంత్రం.

నీ కాగితం తడిసి చేరింది. అయినా చదవగలిగాను.

వస్తాను. గురువారం మొదటి లాంచీకి. నువ్వేం చెప్పమంటే అదే చెప్తాను. నల్ల లంగా వేసుకోనా, మామూలుదేనా? కోర్టుకు ఎప్పుడూ వెళ్ళలేదు.

ఒక్క సంగతి. నువ్వు ఒక్కదానివే ఉన్నావని అత్త చెప్పింది. రామోన్ రాలేదా? ఇల్లూ వాకిలీ ఉన్న మగమనిషి పక్కన నిలబడితే జడ్జి మాట వింటాడు కదా.

ఫిదేలినా

ఫోర్మోసా,
ఆగస్టు 3.

ఒక్కదాన్నే వచ్చాను. ఆయనకు సెలవు దొరకలేదు. ఏ లంగా అయినా ఫరవాలేదు. రా, చాలు.

నిల్దా

బ్యూనస్ ఐరెస్,
1988 ఆగస్టు 28.

ఫిదేలినాకు,

నువ్వు చెప్పాల్సింది చెప్పావు. అక్షరం పొల్లుపోకుండా చెప్పావని గుమస్తా కూడా అన్నాడు. దానికి నిన్ను తప్పు పట్టను. తర్వాత నిన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. "పిల్ల హోమ్‌లోనే ఉంటుంది" అని గుమస్తా వచ్చి చెప్పినప్పుడు నువ్వు నన్ను ఒక చూపు చూశావు. నేను లోపల ఏదో పాడు చేశానన్నట్టు. నిజమే, చేశాను. నా నోటితో చెప్పుకోవాల్సిన పని లేదు, కానీ ఇంకెవరూ నీకు చెప్పరు.

లిబ్రాదాను నా ఎదురుగా కూర్చోబెట్టారు. హోమ్ వాళ్ళిచ్చిన బూడిదరంగు స్వెటర్ వేసుకుంది. జుట్టు కత్తిరించారు. జడ్జి నెమ్మదైన మనిషే. "ఈవిడ నిన్ను కన్న తల్లినంటోంది. నీకేమైనా అడగాలని ఉందా అమ్మా?" అన్నాడు.

అది నన్ను మీరు అంది. "మీ ఇంట్లో నేను ఎక్కడ పడుకోవాలండీ?" అని అడిగింది.

"కిటికీ ఉన్న గదిలో" అన్నాను.

"ఆ గదిలో ఇంకెవరు పడుకుంటారు?"

"నేను."

"రెండు మంచాలు పడతాయా?"

నేను తడబడ్డాను. "పెద్ద ఇల్లు కడుతున్నాం, అక్కడ..." అని ఏదో మొదలుపెట్టాను. అది నా మొహం చూడడం మానేసి నా చేతుల వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నీకూ తెలుసు. మెట్లెక్కే ముందు వరసలో ఎవరు దొరికిపోతారో చూసే చూపు.

రామోన్ జనవరిలోనే వెళ్ళిపోయాడు. నీకు మార్చిలో రాసినప్పటికే లేడు. గదులూ లేవు, మంచమూ లేదు. నా గదిలో ఇస్త్రీ బల్ల మడిస్తే గాని పక్క పరచలేను. కిటికీ తెరిస్తే లిఫ్టు గోడ. అమ్మగారిని జూన్‌లోనే అడిగాను. "పిల్లల్ని పెట్టుకునే పనైతే వేరే ఇల్లు చూసుకో నిల్దా, నాకేం కోపం లేదు" అంది. పిల్ల ముందు వస్తే చోటు అదే దొరుకుతుందనుకున్నాను. నువ్వు దాన్ని లాంచీలో పెట్టి నాకు బడి అని రాశావు. నేను నీకు మంచం అని రాశాను. ఎవరు ఎక్కువ అన్నది ఇంక ఎందుకు?

జడ్జి దాన్ని ఎవరితో వెళ్తావని అడిగాడు. తలుపు అవతల నువ్వున్నావని దానికి తెలుసు. "ఇక్కడే ఉంటానండీ. ఇక్కడ రోజూ బడికి పంపుతున్నారు. నాలుగో తరగతిలో మళ్ళీ కూర్చోబెట్టారు, ఫరవాలేదు" అంది. ఆయన "మీ అమ్మ ఎవరనుకుంటున్నావు?" అని కూడా అడిగాడు. "కాగితంలో మీరు ఎవరి పేరు రాస్తే వాళ్ళండీ" అంది. కోపంగా కాదు. దుకాణంలో సరుకు అడిగినట్టు అంది.

పద్దెనిమిది నిండేదాకా అక్కడే ఉండొచ్చట. ఆదివారాలు చూడ్డానికి ఇద్దరమూ రావచ్చని సిస్టర్ చెప్పింది. నాకు పోను ఒక రాత్రి, రాను ఒక రాత్రి బస్సులో. నాకు నెలకు రెండు ఆదివారాలే సెలవు, అదీ సాయంత్రం దాకా. నీకు పది నిమిషాల లాంచీ.

నువ్వు వెళ్ళకు. నేను వెళ్ళలేని చోటికి నువ్వు వెళ్ళకు. నీ దగ్గర నేను కోరేది ఇది ఒక్కటే.

నిల్దా

ఆల్బెర్ది,
1988 నవంబరు 6.

నిల్దాకు,

నువ్వు వద్దన్నా వెళ్ళాను. మూడు ఆదివారాలు వెళ్ళాను. నీకు చెప్పకుండా ఉండొచ్చు, కానీ దాచడం చాలు. మొదటిసారి గంటన్నర కూర్చున్నాను. సిస్టర్ వచ్చి "రానంటోందమ్మా" అంది. రెండోసారి చిపాలు చేసి పట్టుకెళ్ళాను. లోపలికి తీసుకున్నారు, గంప ఖాళీగా తిరిగొచ్చింది. "తిందా?" అని అడిగాను. "పిల్లలందరికీ పంచిందండీ" అని మాత్రం చెప్పారు. మూడోసారి సిస్టర్ గేటు దగ్గరే ఆపి "ప్రతివారం రాకండి, ఆ రోజంతా అది ఎవరితోనూ మాట్లాడదు" అంది. ఇంక వెళ్ళడం లేదు. ఇందులో నువ్వు గెలిచినట్టు ఏమీ లేదు, నేను గెలిచినట్టూ లేదు.

నా కేసు సంగతి తేలలేదు. పిలిచినప్పుడు రావాలన్నారు. కార్డు మాత్రం తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో తెలియదు. బహుశా మరిచిపోయారు.

కోర్టు అయిన మర్నాడు ఇంట్లో కూర్చున్నాను. దాని మర్నాడు లాంచీ ఎక్కాను. ఎక్కక ఏం చెయ్యను? ఆడవాళ్ళు పక్కకు జరిగి చోటిచ్చారు. ఎమెరె అత్త తన చోటే ఇచ్చింది. ఆ చోటు కోసం ఆవిడతో పదేళ్ళుగా కొట్లాడాను. కూర్చోకుండా నిలబడే దాటాను.

మెట్ల పైన ఆ ఆడ ఉద్యోగే ఉంది. నా వంతు వచ్చేసరికి గంప మీద గుడ్డ తీయబోయాను. ఆమె తల పక్కకు తిప్పుకుని "నడు నడు, వెళ్ళు" అంది. నేను అక్కడే నిలబడ్డాను. "వెళ్ళమంటే అర్థం కాదా? నాకూ పిల్లలున్నారు" అంది. వెళ్ళాను. మర్నాడూ అంతే. అక్కడి మగ ఉద్యోగులు కూడా అంతే, నన్ను చూడగానే కాగితాల్లోకి చూస్తారు. ఆగస్టు నుంచి నన్ను ఒక్కరు వెతకలేదు.

మొదటి వారం సిగ్గేసింది. రెండో వారం లాంచీలో ఒకామె నా పక్కకు వచ్చి కూర్చుని "ఏమనుకోకు ఫిదేలినా, నిన్నెలాగూ ఆపరుగా, ఇవి కాస్త దాటిస్తావా?" అంది. మూట తీసుకున్నాను. తర్వాత ఇంకొకామె. ఇప్పుడు ఎమెరె అత్తవి కూడా నా దగ్గరే. సిగరెట్లు, గడియారాలు, రేడియోలు, అడిగిన వాళ్ళవన్నీ. వరసలో నన్నే ముందు నడవమంటున్నారు.

మునుపటికి రెండింతలు మోస్తున్నాను. పదకొండు ఇళ్ళు కూడా వదల్లేదు. మెడ పట్టేసింది, కుడివైపు తిరగడం లేదు.

అంతకుమించి ఇక్కడ విశేషాలేమీ లేవు.

ఫిదేలినా